చేతి మొగ్గు

తాబేళ్ళవాగులో పాలవ్యాను కొట్టుకుపోయి నాలుగు రోజులైంది. తప్పెవరిదో వరద అంచనా కేంద్రంలో అప్పటికే తేలిపోయింది. విచారణ ఇంకా మొదలే కాలేదు. కాని ఆఫీసుల్లో విచారణకన్నా ముందే తీర్పు వచ్చేయడం కొత్త సంగతేమీ కాదు కదా!

అందరూ అనుకున్న దోషి గొల్లపల్లి ఏసుపాదం. తాబేళ్ళవాగు దగ్గర గేజ్ రీడరు. వాగులో ఒక ఇనుప స్తంభం, దానికి అంకెలు వేసిన పలకలు ఉంటాయి. పొద్దున్నా సాయంత్రమూ నీళ్ళు ఏ అంకె దాకా వచ్చాయో చూసి, కేంద్రం ఇచ్చిన ఫోన్లో కొట్టి పంపడం అతని పని. పదిహేడేళ్ళుగా చేస్తున్నాడు. వ్యాను కొట్టుకుపోయిన సాయంత్రం అతను పంపిన అంకె రెండు పాయింట్ ఒకటి. రెండున్నర మీటర్లు దాటితేనే వాగు దాటే రోడ్డు, కాజ్‌వే, మూస్తారు కాబట్టి ఎవరూ మూయలేదు. తీరా చూస్తే నీళ్ళు కాజ్‌వే మీద తొడలోతు పారుతున్నాయి. డ్రైవరు చింతకొమ్మ పట్టుకుని బతికి బయటపడ్డాడు గాని, కుడికాలు రెండుచోట్ల విరిగింది. వరద తీశాక వాగు ఒడ్డున పంపుహౌసు గోడ మీద మిగిలిన బురదచార కొలిస్తే మూడు పాయింట్ ఒకటి వచ్చింది. అంటే ఏసుపాదం ఒక మీటరు తక్కువ రాశాడన్నమాట. స్తంభం కూడా వరదలోనే పోయింది కనక, ఇక చూసి తేల్చుకోవడానికేమీ లేదు.

"వాగు దగ్గరకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని రాసి ఉంటాడమ్మా," అన్నారు డైరెక్టరు పద్మనాభంగారు. "రేపు విచారణ. అతని రికార్డంతా నువ్వే తీసి పెట్టాలి. నీ అంగ ఉందిగా, ఎంతసేపు పని?"

వకుళకి ఆ ఆఖరి మాట వినగానే లోపల తియ్యగా అనిపించింది. అనిపించదా మరి! అంగను తయారుచేసింది ఆమే.

ఆ కేంద్రంలో కంప్యూటర్లకి రంగులు, బొమ్మలు ఉండవు. నల్లటి తెర, దాని మీద కమాండు కొట్టడానికి ఒక వరస. రెండువందల పధ్నాలుగు గేజిల లెక్కలు డైరెక్టరీల్లో ఉంటాయి. నది పేరు, అందులో పాయ పేరు, అందులో గేజి పేరు, అందులో ఏడాది. ఒక్కో మెట్టూ పేరు కొట్టి దిగాలి, అక్కడేమున్నాయో జాబితా చూసుకోవాలి, మళ్ళీ దిగాలి. వరద రోజుల్లో ఆ దిగడానికే ప్రాణం విసిగేది. అందుకే వకుళ అంగను రాసింది. మనం ఏ డైరెక్టరీకి ఎన్నిసార్లు వెళ్ళామో, ఎంత ఈమధ్య వెళ్ళామో అది మార్కులు వేసుకుంటుంది. రెండక్షరాలు కొడితే చాలు, ఎక్కువ మార్కులున్న చోటికి ఒక్క అంగలో తీసుకుపోతుంది.

ఇంతవరకు ఎవరైనా చేయగలిగిన పనే. వకుళ అక్కడ ఆగలేదు. కిందటి నవంబరులో కీబోర్డు ముందు ఒక సన్నటి పలక అమర్చింది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే, వేలు కదలకముందే మణికట్టు నరాలు ఎటు లాగుతున్నాయో అది పసిగడుతుంది. ఎక్కడికి వెళ్ళాలో మనిషికి తెలిసేలోపే చెయ్యి అటు మొగ్గుతుంది. ఆ మొగ్గును పలక చదువుతుంది. మొదట్లో రెండక్షరాలు కావలసి వచ్చేవి, తర్వాత ఒక్కటి. ఉగాది దాటేసరికి మీట మీద వేలు పెడితే చాలు, చేరవలసిన చోట ఉండేవాళ్ళు. తెర మీద దారంతా చూపించడం దండగని, నిలబడ్డ డైరెక్టరీ పేరొక్కటే కనిపించేట్టు ఆమే మార్చేసింది.

ఆ మధ్యాహ్నం వకుళ పలక మీద చెయ్యి ఆనించి, ఏసుపాదాన్ని తలుచుకుంది. అంగ ఆమెను రెండేళ్ళ కిందటి మెమో దగ్గర దించింది. ఒక సాయంత్రం అంకె గంటన్నర ఆలస్యంగా పంపినందుకు మందలింపు. మళ్ళీ వేలు పెట్టింది. ఈసారి సెలవు చీటీలు, ఏప్రిల్లో రెండు. మళ్ళీ వేలు పెట్టింది. జూన్‌లో మూడు రోజులు వరసగా ఒకే అంకె. ఇంట్లో కూర్చుని రాసేవాడు కాకపోతే వాగు మూడు రోజులు కదలకుండా ఉంటుందా? ఆమె నోట్సు రెండు పేజీలు నిండింది. పట్టుబడ్డావు నాయనా అనుకుంది. ఇంత తేలిగ్గా దొరుకుతున్నాయేమిటని ఆమెకు అనుమానం రాలేదు. ఆమె అనుమానమంతా ఏసుపాదం మీదే ఉంది, ఇంకోదానికి చోటు లేదు.

పక్క బల్ల నుంచి చలపతి కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు. ఆయన ఆ కేంద్రంలో అందరికన్నా పాత ఆపరేటరు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు.

"ఒక్కమాటండి వకుళమ్మగారూ. సరిగ్గా మీటరే తగ్గిందేంటండి? ఇంట్లో కూకుని రాసేవోడు నోటికొచ్చింది రాస్తాడు గాని, ఇంత కొలిచినట్టు అబద్ధవాడతాడా?"

"అనుకోకుండా కుదిరి ఉంటుందిలెండి."

"ఆ రోజు కుదిరిందనుకోండి. మిగతా రోజులో?"

"మిగతా రోజుల లెక్క గోడ మీద ఉండదు కదా చలపతిగారూ," అంది వకుళ, కొంచెం విసుగ్గానే.

ఆయన తన తెర వైపు తిరిగిపోయాడు. ఆయనకు అంగ అంటే గిట్టదని ఆఫీసంతటికీ తెలుసు. అంగ రాకముందు ప్రతి సోమవారం ఆయన 'చుట్టు' తిరిగేవాడు. అంటే రెండువందల పధ్నాలుగు గేజిల డైరెక్టరీల్లోకీ ఒక్కొక్కటిగా దిగి, ఉన్నవేమిటో చూసి, ఎక్కి రావడం. పూట పట్టేది. ఎవరైనా నవ్వితే, "ఊరు చుట్టి రాకపోతే ఏ ఇంట్లో ఏం జరిగిందో ఎలా తెలుస్తదండీ" అనేవాడు. పలక వచ్చిన నెలకి ఆ చుట్టు రద్దు చేయిస్తూ ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు చిత్తుప్రతి రాసింది కూడా వకుళే.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి దత్తు ఇంకా రాలేదు. దత్తు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. నాలుగున్నరకి వదిలితే అయిదుకల్లా ఇంట్లో ఉండాలి. పదిహేను రోజులుగా ఆరింటికి వస్తున్నాడు. ఆరోజూ ఆరింటికే వచ్చాడు. చెప్పులకి బురద. చొక్కా వీపున తడిసింది. స్కూటరు బాగానే ఉంది, పొద్దున తనే చూసింది, కాంపౌండులోనే ఉంది. అంటే నడిచి వెళ్ళాడు. ఎక్కడికి?

"లేటైందా?" అంది.

"కొంచెం." తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు.

వకుళ కూరగాయలు తరుగుతూ ఒక్కొక్కటే పేర్చుకుంది. కిందటి బుధవారం ఫోను ఎత్తలేదు. ఆదివారం తను పుట్టింటికి వెళదామంటే వద్దన్నాడు. కిందటి వారం చొక్కా జేబులో రెండు టీ డబ్బుల చిల్లర, ఆయన టీ తాగడు కదా. ఒక్కోటీ వచ్చి చక్కగా పక్కదాని పక్కన కూర్చుంది. ఎడమ అరచెయ్యి గట్టు బండ మీద ఆనించి ఉందని, బండ మీద పలక ఏమీ లేదని ఆమె గమనించుకునేసరికి వంకాయ ముక్కలు నల్లబడిపోయాయి. అడగాలనుకుంది. అడగడమెందుకు, తెలిసిపోతూనే ఉంది కదా అనిపించి ఊరుకుంది.

మర్నాడు పదకొండింటికి విచారణ. ముగ్గురు కమిటీ సభ్యులు, పద్మనాభంగారు, వకుళ, మూల కుర్చీలో చలపతి. వకుళ కంప్యూటరు తెర గోడ మీద పెద్దదిగా పడేట్టు అమర్చారు.

ఏసుపాదం యాభై దాటిన మనిషి. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను రాసింది పలక మీదున్న అంకేనండి. జనవరిలో కంట్రాక్టరు కొత్త పలకలు కొట్టించేడండి. మీటరు పైకి కొట్టేసేరండి. అంటే పలక మీద రెండుంటే అసలు మూడండి."

"మరి మూడని రాయొచ్చుగా?" అన్నారు పద్మనాభంగారు.

"రాయకూడదండి. మా పుస్తకం అట్ట మీద అచ్చేసుందండి, పలక మీద కనిపించిందే రాయాలి, సొంత లెక్కలు కలపకూడదని. నేను కనిపించింది రాసి, మీటరు కలుపుకోమని మాటలో రాసేనండి. రోజూ రాసేనండి."

మాట అంటే ప్రతి గేజి డైరెక్టరీలోనూ ఉండే ఒక చిన్న డైరెక్టరీ. రీడరు అంకెతో పాటు ఏదైనా చెప్పదలిస్తే అది అందులో పడుతుంది.

"పంపినవి ఫోన్లో ఉంటాయిగా, చూపించు," అన్నారు పద్మనాభంగారు.

"ఉండవండి. పంపగానే ఎల్లిపోతాయండి. అందింది, ధన్యవాదాలు అని మాత్రం వస్తాదండి. అంకె పంపినా అదే వస్తాది, మాట పంపినా అదే వస్తాది." అతను వకుళ వైపు తిరిగాడు. "ఆ రోజు సాయంత్రం కూడా రాసేనండి మేడంగారూ, కాజ్‌వే మూయించండని. అందిందని వచ్చింది. ఇంక ఫోనెందుకులే, మీరు చూసేరు కదా అనుకున్నానండి. అవతలొడ్డున వ్యానొస్తంటే తువ్వాలూపేనండి. ఆడు ఆగలేదు."

అందరూ వకుళను చూశారు. ఆమె పలక మీద చెయ్యి ఆనించింది. అరచేతికి చెమట పట్టినట్టుంది, చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని మళ్ళీ ఆనించింది. వేలు మీటను తాకింది.

గోడ మీద పేరు కనిపించింది: మాట. దాని కింద జాబితా అడిగింది. ఖాళీ. ఒక్క ఫైలు కూడా లేదు.

"ఏమీ లేవండి," అంది వకుళ.

ఏసుపాదం ఆ ఖాళీ తెరను చూశాడు. అతనికి కోపం వచ్చి ఉంటే వకుళకు బాగుండేది. అతను తన ఫోను తీసి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, చెడిపోయింది అదేనేమోనని. "రాసేనండి," అన్నాడు మెల్లగా. అంతే.

శనివారం వచ్చి ఫోను, గుర్తింపు కార్డు అప్పగించమన్నారు. ఆ రోజు గురువారం.

అందరూ వెళ్ళిపోయాక చలపతి వచ్చి వకుళ బల్ల ముందు నిలబడ్డాడు.

"గోడ మీద మాట అని ఒక్క ముక్కే పడిందండి. ఎవరి మాట అది? రెండొందల పధ్నాలుగున్నాయి."

"తాబేళ్ళవాగుదే. అంగ తప్పు చెయ్యదు."

"దారి చూసేరా?"

ఆ ప్రశ్న ఆమెకి సూదిలా దిగింది. దిగిన మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. ఈయనకు అంత నమ్మకంగా ఎలా తెలుసు? పాత పద్ధతిలో అన్నిటికీ తాళాలున్నది ఈయన దగ్గరే. ఆ నోట్లు తీసి ఎక్కడైనా దాచాడేమో. అంగ పరువు తీయడానికి, తన చుట్టు తనకి తిరిగి తెచ్చుకోవడానికి.

"చలపతిగారూ, నిజం చెప్పండి. ఆ డైరెక్టరీలో మీరేమైనా చెయ్యి పెట్టారా?"

పెద్దాయన మొహం ఎర్రబడింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆ మాట ఆయన్ని ఎవరూ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు పలకొద్దండి, అంగొద్దండి, ఆ డైరెక్టరీలోకెళ్ళే పనే లేకుండా చేసేసేరు మీరు. ఎనిమిది నెల్లయిందండి నేనటేపెళ్ళి. ఆ పలక తీసి పక్కనెట్టి, మీరే ఓసారి నడిచెళ్ళండి. కాళ్ళేం అరిగిపోవు." గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం మాత్రం వదల్లేదు. ఇంటికి వెళ్ళి దత్తు కోసం వరండాలో కూర్చుంది. ఆరింటికి దత్తు వచ్చాడు. అదే బురద.

"ఎవరావిడ?" అంది వకుళ.

దత్తు చెప్పులు విప్పుతున్నవాడు అలాగే వంగి ఉండిపోయాడు. "ఎవరు?"

"పదిహేను రోజులుగా చూస్తున్నాను. ఆరింటికొస్తున్నారు. స్కూటరు ఇక్కడే ఉంటోంది. జేబులో టీ చిల్లర. మీరు టీ తాగరు."

దత్తు నవ్వలేదు. అదే ఆమెను భయపెట్టింది. వచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు.

"షుగరొచ్చింది వకుళా. పదిహేను రోజుల కిందట తెలిసింది. డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. గట్టు మీంచి చుట్టూ తిరిగి వస్తున్నాను. దారిలో పడవల నాగేశ్వరం టీ కొట్టుంది, వాడికి కాలు లేదు, చిల్లర వెయ్యకుండా దాటలేను, టీ మాత్రం తాగను. కిందటి బుధవారం గట్టు దిగువన నీటికాకులు గుడ్లు పెట్టాయి, అవి చూస్తూ ఫోను వినలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. ఈమధ్య నువ్వేమీ అడగడం లేదు. నేను నోరు తెరిచేలోపే నేనేం చెప్పబోతున్నానో తేల్చేసుకుంటున్నావు. సగంసార్లు నిజమే అవుతోంది, అది వేరే సంగతి." కాస్త ఆగి అన్నాడు. "షుగరు సంగతి చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ పండగ ఖర్చు గురించి అనుకుని వద్దన్నావు."

వకుళ ఏడ్చింది. తప్పు పట్టుబడిన ఏడుపూ భర్తకి జబ్బని తెలిసిన ఏడుపూ కలిసిపోయి, ఏది ఏదో ఆమెకే తెలియలేదు. దత్తు భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు పొద్దున నువ్వూ రా నడకకి," అన్నాడు. "స్కూటరు మీద అయిదేళ్ళుగా పోతున్న దారే. అక్కడ మెట్లున్నాయనే నాకు తెలియదు."

శుక్రవారం తెల్లవారి వాన మొదలైంది. నడక కుదర్లేదు. వకుళ ఎనిమిదింటికే ఆఫీసుకి వచ్చింది. పలకను కీబోర్డు ముందు నుంచి లాగేసి సొరుగులో పెట్టింది. అరచెయ్యి ఆనడానికి ఏమీ లేక గాలిలో కాసేపు ఊగిసలాడింది. తర్వాత నది పేరు పూర్తిగా, అక్షరం అక్షరం కొట్టింది. జాబితా చూసింది. ముప్పై ఒక్క పాయలు. వాటిలో సగం పేర్లు ఆమె ఏడాదిగా చూడలేదు. ఒక పాయలోకి దిగింది. జాబితా. అక్కడ తాటిలంక ఉంది, పెద్ద గేజి, రోజుకి ఇరవైసార్లు వెళ్ళేది. దాని కిందే తాబేళ్ళవాగు ఉంది. దిగింది. ఈ ఏడాది. దిగింది. జాబితాలో అంకెల ఫైలు పక్కన మాట.

అందులో నూట తొంభై ఆరు ఫైళ్ళున్నాయి.

మొదటిది జనవరి పధ్నాలుగుది. 'మేడంగారికి నమస్కారం. కొత్త పలక మీటరు పైకి కొట్టేరండి. నేను చెప్తే ఇనలేదండి. మీటరు కలుపుకోండి.' రెండోది, 'ఇవాళ కూడా మీటరు కలుపుకోండి.' మూడోదీ అదే. ఫిబ్రవరిలో, 'కలుపుతున్నారనుకుంటాను. అందిందని వస్తంది. సంతోషం.' ఏప్రిల్లో, 'రేపు ఎల్లుండి సెలవండి. మా పాపకి పరీచ్చలు, టౌను తీసుకెళ్ళాలి. పంపుహౌసు రాజు సూత్తాడు.' జూన్‌లో, 'మూడ్రోజుల్నించి నీళ్ళు కదలడం లేదండి, ఎగువన మట్టి అడ్డం పడిందేమో చూడమనండి.' వ్యాను పోయిన రోజు సాయంత్రానిది ఆమె చదవలేకపోయింది. మొదటి లైను చూసి కిందికి జరిపేసింది.

ఆఖరిది ఆ శుక్రవారం పొద్దున ఏడున్నరకి వచ్చింది. 'స్తంభం లేదు కాబట్టి అంకె సున్నా కొట్టేనండి. పంపుహౌసు అయిదో మెట్టు మునిగిందండి. ఆరో మెట్టు మునిగితే కాజ్‌వే మీదికొస్తాది. గంట పట్టుద్ది. రేపు ఫోనిచ్చేస్తాను. ఎల్లుండి నుంచి ఈ మెట్లెవరు సూత్తారో కనుక్కోండి.'

టైము ఎనిమిదీ పది. వకుళ మండలాఫీసుకి ఫోను చేసి కాజ్‌వే మూయమంది. గేజి ఎంతుందని అవతలివాళ్ళు అడిగారు. "గేజి లేదు. అయిదో మెట్టు మునిగింది. నా పేరు రాసుకుని మూసేయండి," అని అరిచింది. పావుగంటకి రెండు వైపులా గొలుసులు కట్టామని ఫోనొచ్చింది.

అప్పుడామె ఇంకో పని చేసింది. చెయ్యాలని లేదు, అయినా చేసింది. అంగ వేసిన ప్రతి అంగకీ ఒక పద్దు రాసుకుంటుంది. ఏ డైరెక్టరీకి ఎన్ని మార్కులు, చెయ్యి ఎటు మొగ్గింది, ఎంతసేపు. తప్పులు దిద్దుకోవడానికని ఆమే పెట్టుకున్న ఏర్పాటు. నిన్న పదకొండున్నర గంటల వరసను తీసింది.

వేలు మీటను తాకిన మొదటి క్షణంలో ఆమె చెయ్యి మొగ్గింది తాబేళ్ళవాగు మాట వైపే. తర్వాత వెనక్కి లాగింది. అంత చిన్న వ్యవధిలో పక్కకి జరిగి తాటిలంక మాట వైపు మొగ్గింది. అది ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని ఆమెకి తెలుసు. చెయ్యి ఎటు లాగితే అంగ అటు తీసుకుపోయింది. దాని తప్పేమీ లేదు. మొన్న మెమో దగ్గరకీ, సెలవు చీటీల దగ్గరకీ కూడా అలాగే తీసుకుపోయింది. ఆమె దొరకాలని కోరుకున్నవే దొరికాయి.

కాని తాబేళ్ళవాగు మాటలో ఏదో ఉందని ఆ చేతికెలా తెలుసు? వకుళ జనవరి పద్దులు తీసింది. పధ్నాలుగో తేదీ, సాయంత్రం. కొత్త మాట వచ్చిందని తెర మూల గుర్తు వెలిగింది. ఆమె తెరిచింది. నాలుగు సెకన్లు. పలకలు, కంట్రాక్టరు అన్న మాటలు చూసి, ఇది రిపేర్లవాళ్ళ గొడవ అనుకుని మూసేసింది. మర్నాడు మళ్ళీ గుర్తు వెలిగింది. తన చేతి పలక పరీక్షలకి అది అడ్డమని, గుర్తు వెలగకుండా చేసి, వచ్చిన ప్రతిదానికీ 'అందింది, ధన్యవాదాలు' అని దానంతటదే వెళ్ళేట్టు చిన్న ప్రోగ్రాము రాసింది. పది నిమిషాల పని. ఆమె మర్చిపోయింది. చెయ్యి మర్చిపోలేదు.

చలపతి తడిసిన గొడుగుతో లోపలికి వచ్చేసరికి ప్రింటరులోంచి కాగితాలు వస్తున్నాయి. ఆమె వాటిని ఆయన చేతికిచ్చింది. నిలబడే చదివాడు. ఆఖరున ఉన్న అంగ పద్దు కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"నిన్న మిమ్మల్ని అన్నమాటకి..." అంది వకుళ.

"అది తర్వాత చూసుకుందారి. ఇది డైరెక్టరుగారికిస్తారా?"

"ఇస్తాను."

"నోట్లు మాత్రం ఇస్తే చాలండి. ఏసుపాదం బయటపడతాడు. ఈ చేతి సంగతి ఎవళికీ తెలీదు, మీకు తప్ప."

ఆయన మంచికే అన్నాడు. వకుళ ఆ మాట మీద ఒక్క నిమిషం నిలబడింది. ఎంత సుళువు! కాగితం ఒక్కటి పక్కకి తీస్తే చాలు. కుడిచెయ్యి నిజంగానే ఆ కాగితం వైపు కదిలింది. ఆమె దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కాగితాలన్నీ కలిపి పిన్ను కొట్టి, పద్మనాభంగారి గదిలోకి వెళ్ళి ఇచ్చి వచ్చింది.

తిరిగొచ్చి ఆ డైరెక్టరీలోనే, నూట తొంభై ఆరు ఫైళ్ళ కింద, మొదటిసారి జవాబు రాసింది. దానంతటదే వెళ్ళే జవాబును ముందు ఆపేసి రాసింది. 'అన్నీ చదివాను. కాజ్‌వే మూయించాను. మీరు రాసింది నిజం. తప్పు నాది. రేపు ఫోను ఇవ్వనక్కర్లేదు. వకుళ.'

అయిదు నిమిషాలు ఏమీ రాలేదు. వాన కిటికీ అద్దాల మీద కొడుతోంది. చలపతి పాత పుస్తకం తెరిచి, ఎవరూ చెప్పకుండానే, మొదటి గేజి నుంచి చుట్టు మొదలుపెట్టాడు.

అప్పుడు మాటలో కొత్త ఫైలు ఒకటి కనిపించింది. ఒకటే లైను.

'ఇది మిషనా అండి, మనిషా అండి?'

వకుళ వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళి ఆగిపోయాయి. ఏం రాసినా అది 'అందింది, ధన్యవాదాలు' లాగే ఉంటుంది. ఆమె ఫోను తీసింది. ఏసుపాదం నంబరు రిజిస్టరులో చూసి, ఒక్కో అంకే నొక్కింది. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

"నేనండీ ఏసుపాదంగారూ, వకుళని," అంది. "మనిషినే."